ద్రాక్షతోటలో నాకు తిరిగి దొరికిన మాట

సహోదరీ సహోదరులారా, ప్రభువు పేరిట మీ అందరికీ వందనాలు. ఈ మైకు ముందు నిలబడ్డ నేను ఒకప్పుడు నెలల తరబడి నోరు తెరవలేదంటే మీలో చాలామంది నమ్మరు!

అప్పుడు మేము సూరారంలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం, నా భర్త అక్కడే ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఎన్నో ఏళ్ళు ఎదురుచూశాక నాకు పాప పుట్టింది, కానీ ఏడవలేదు. తెల్లగుడ్డలో చుట్టి ఒక్కసారి నా చేతికిచ్చి తీసుకెళ్ళిపోయారు. ఇంటికొచ్చాక పాలు పడ్డాయి, తాగే బిడ్డ లేదు, రవిక తడిసిపోతుంటే గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ఆ రోజుల్లోనే నా మాట ఆగిపోయింది. గొంతులో లోపమేమీ లేదన్నారు డాక్టర్లు. ప్రార్థన చేసుకోమని వచ్చినవాళ్ళంతా చెప్పేవారు, ఏమని చేయను? నాకు కన్నీళ్ళు కూడా రాలేదు!

శామీర్‌పేట దగ్గరి పల్లెలో ఉండే మా అత్తమ్మ ఒకరోజు వచ్చి నన్ను చూసి, "గీ నాలుగు గోడల నడుమ పిల్ల పాణం బోతది, నాతోని తోల్కపోత" అని తన కొడుకుతో చెప్పి నన్ను వెంటబెట్టుకుపోయింది. ఆమె ద్రాక్షతోటలో కూలికి పోయేది. ఇప్పుడక్కడ విల్లాలు లేచాయి గానీ, ఆ రోజుల్లో ఎటు చూసినా పందిళ్ళే.

అత్తమ్మకు చదువు రాదు, మోకాళ్ళ మీదకన్నా నడుస్తూ చేసే ప్రార్థనే ఎక్కువ. పొద్దున్నే చెరువుకట్ట మీద పోతూ "ప్రభువా, ఎంత సల్లగున్నదయ్యా నీ గాలి" అనేది, పొయ్యి మీద రొట్టె పొంగితే దానికీ స్తోత్రమే, కొంగ ఎగిరితే దానికీ స్తోత్రమే! పక్కన మనిషి నడుస్తున్నట్టే మాట్లాడేది. నాకు మొదట్లో చిరాకు వేసేది, రాను రాను ఆమె ఆగితే నేనే చెవి ఒగ్గి ఎదురుచూసేదాన్ని.

తీగలు కత్తిరించే రోజులవి, పందిరంతా బోడిగా ఉంది. ఒక ఉదయం పందిరి కింద కూర్చుని ఉంటే నా మణికట్టు మీద చుక్క పడింది. తలెత్తితే మబ్బు లేదు, ముందురోజు కోసిన తీగ కొన నుంచి నీళ్ళు కారుతున్నాయి. నేను అటే చూస్తుంటే అత్తమ్మ వచ్చి, "కోసిన కాడ గట్లనే గారుతది బిడ్డా. ఎండిపోలే అది, పాణమున్నది" అని, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించింది. "ప్రభువా, నా మనవరాలు నీ తాననే ఉన్నది, గా ముచ్చట నాకెర్క. గీ పిల్లను గూడ వట్టుకో అయ్యా. దీన్ని ఏడ్వనియ్యి."

మనవరాలు! అప్పటిదాకా నా పాపను ఎవరూ ఒక వరుసతో పిలవలేదు. "నా బిడ్డ" అన్న మాట నా నోట్లోంచి వచ్చింది, నేలమీద కూలబడి గొంతెత్తి ఏడ్చాను. దర్శనమేమీ కలగలేదు, స్వరమూ వినిపించలేదు, కానీ నా వీపు మీది ఎండ ఎంత నిజమో, నా పక్కన ప్రభువున్నాడన్నదీ అంత నిజమని తెలిసిపోయింది. "నా బిడ్డను నువ్వే ఎత్తుకో తండ్రీ" అన్నాను. అదే నా మొదటి ప్రార్థన.

కాపు రాకముందే సూరారం తిరిగొచ్చాను. గుమ్మంలోనే "అన్నం తిన్నరా?" అని అడిగితే, నా భర్త గడప మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. దేవునికే మహిమ!

మాకు మళ్ళీ పిల్లలు కలగలేదు. అడిగినా ప్రభువు ఇవ్వలేదు, కానీ ఏనాడూ నన్ను ఒంటరిగా వదలలేదు. అత్తమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు బహదూర్‌పల్లిలో మిద్దె మీద బట్టలారేస్తూ నేనూ ఆయనతో మాట్లాడుతుంటాను, పక్కింటివాళ్ళు ఫోనేమో అనుకుంటారు!

ప్రియమైనవారలారా, దుఃఖంతో నోరు పెగలని వారెవరైనా ఈరోజు ఇక్కడ ఉంటే, ఆయనను నమ్మండి, మాట దొరికేదాకా ఆయన వేచి ఉంటాడు. ఆరాధన అయ్యాక నా దగ్గరికి రండి. ఏమీ చెప్పనక్కర్లేదు, బయట ఆ వేపచెట్టు కింద కాసేపు కూర్చుందాం.