హీరోగారి కూత ఆగింది

సినిమా విలేకరికి ఆటల గురించి అభిప్రాయాలెందుకని నన్ను అడగనివాళ్ళు లేరు. మా డెస్క్ ఇన్‌చార్జి గారు అడిగారు, స్పోర్ట్స్ రాసే మిత్రులు అడిగారు, ఆఖరికి మా పక్కింటావిడ కూడా అడిగింది. అందరికీ ఒకటే జవాబు చెప్పాను. అబద్ధం ఎక్కడ ఆడొచ్చో, ఎక్కడ ఆడకూడదో సినిమావాళ్ళ మధ్య తిరిగినవాళ్ళకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఫైటు సీనులో ఎవరు ఎటు పడాలో ఫైట్ మాస్టర్ ముందే చెబుతాడు. పడేవాడికీ తెలుసు, కొట్టేవాడికీ తెలుసు, టికెట్టు కొన్నవాడికీ తెలుసు. అందులో మోసం లేదు. ఆటలో మాత్రం ఎవరు పడతారో ఎవరికీ ముందుగా తెలియకూడదు. తెలిసిందంటే అది ఆట కాదు, షూటింగు. నాకున్న సిద్ధాంతం ఇంతే. దీన్ని మాత్రం ఎవరెన్ని చెప్పినా వదులుకోలేదు.

తొంభైల్లో మొదలుపెట్టి చాలా ఏళ్ళు రాజమండ్రిలో ఒక దినపత్రిక జిల్లా పేజీలకి సినిమా వార్తలు రాశాను. గోదావరి గట్టున షూటింగు లేని నెల ఉండేది కాదు. పోలవరం వైపు లాంచీల మీద పాటలు తీసేవారు, కోనసీమ తోటల్లో పెళ్ళి సీన్లు తీసేవారు. నేను బస్సులో వెళ్ళేదాన్ని. జనాన్ని పొట్ట పట్టుకుని నవ్వించే నటుడు ఒకాయన భోజనాల వేళ పళ్ళెంలో పులస ముక్కని చూస్తూ, "దీనికీ నాకూ ఒకటే గతమ్మా. ఎదురీదుకుంటూ వచ్చి పులుసులో పడ్డాం" అన్నాడు. అన్నాక నవ్వలేదు. కథానాయిక ఒకావిడ మేకప్ వ్యాన్ వెనక మెట్టు మీద కూర్చుని మామిడికాయ ముక్కలకి ఉప్పూకారం అద్దుకుంటూ, "ఇది రాయకండి, మా అమ్మ తిడుతుంది" అంది. రాయలేదు. ఎవరి తిండి వాళ్ళిష్టం.

వీళ్ళెవరూ నన్ను చికాకు పెట్టలేదు. చికాకు పెట్టింది ఒక క్రికెట్ ఆటగాడు. మా ఊళ్ళో నగల దుకాణం తెరవడానికి వచ్చాడు. అప్పటికి క్రికెటర్లు డబ్బు తీసుకుని ఆడారన్న గొడవతో దేశమంతా అట్టుడుకుతోంది. ఈయన మీద ఎవరూ ఏమీ అనలేదు. అయినా ఆయన వెంట వచ్చినవాళ్ళు "క్రికెట్ గురించి తప్ప ఏమైనా అడగండి" అన్నారు. మరి దేని గురించి అడగాలి? వడ్డాణం గురించా? "మొన్నటి మ్యాచ్‌లో ఆ బంతికి ముందుకెళ్ళి అవుటయ్యారేంటండీ?" అన్నాను. మామూలు ప్రశ్న, టీకొట్టు దగ్గర నలుగురూ అనుకునేదే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆ చుట్టూ ఉన్నవాళ్ళు నా మీదికి లేచారు. ఆటగాడు ఒక హారం పట్టుకుని ఫోటోకి నవ్వుతూనే ఉన్నాడు. ఆట ఆడేవాడికి ఆట గురించి మాట్లాడటం నామోషీ అయిన రోజున ఆ ఆటలో ఇంకేం మిగిలినట్టు? అదే మాట రాస్తే డెస్కులో కొట్టేశారు. "ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి" అని ఇన్‌చార్జి గారు నన్ను పదిమందిలో అన్నారు. ఉలిపికట్టెనే, అయితే ఏంటట?

ఈ మంకుపట్టు మా నాన్న నుంచి వచ్చింది. ఆయన మిషన్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆదివారం చర్చి, మిగతా రోజులన్నీ గ్రౌండు. ఈల వేసేవాడికి చుట్టాలుండకూడదనేవారు. మా అన్నయ్య ఆడే మ్యాచ్‌కి రెఫరీగా ఉండి వాణ్ణే బయటికి పంపితే అమ్మ రెండు పూటలు మాట్లాడలేదు. నాన్న మాత్రం రెండు పూటలా కడుపునిండా తిన్నారు.

ఇక అసలు సంగతి. పెనుగొండకి దగ్గర్లో ఒక ఊళ్ళో ఆడపిల్లల కబడ్డీ టోర్నమెంటు పెట్టారు. లీగు మ్యాచ్‌లయ్యాయి. సెమీఫైనల్ రోజున ఒక పెద్ద హీరోగారు ముఖ్య అతిథి. ఆయన పోలవరం దగ్గర షూటింగులో ఉన్నారు కాబట్టి వార్త నా వంతుకొచ్చింది. మా వైపు ఒక ఆచారముంది. ముఖ్య అతిథి ఎవరైతే వాళ్ళు మొదటి కూతకి వెళ్ళాలి. కబడ్డీ కబడ్డీ అంటూ ఊపిరి తెగకుండా అవతలి జట్టులోకి వెళ్ళి, ఎవరినైనా తాకి, మళ్ళీ గీత చేరేదాకా పలికేదే కూత. మధ్యలో ఆగిందా, వెళ్ళినవాళ్ళు అవుటు. ఎమ్మెల్యేలు పంచె ఎగ్గట్టి వెళ్ళేవారు, పాస్టరు గారు నవ్వుతూ వెళ్ళి నవ్వుతూ వచ్చేవారు. ముఖ్య అతిథిని పట్టుకోకూడదని ఏ రూల్సులోనూ లేదు. కానీ కూత పలుకుతున్నంతసేపూ ఎవరూ పట్టుకోరు.

హీరోగారు బాగా ఆలస్యంగా వచ్చారు. అంతసేపూ పిల్లల్ని కోర్టు పక్కన వరసగా ఎండలో నిలబెట్టారు. వస్తే కరచాలనం చెయ్యాలి కదా, కూర్చుంటే వరస చెడిపోతుందట. టోర్నమెంటు కమిటీ ప్రెసిడెంటు గారు రైసు మిల్లు యజమాని. పిల్లల ముందు అటూ ఇటూ తిరుగుతూ, "హీరోగారు తాకగానే ఒక్కొక్కరూ పడిపోండమ్మా. ఫోటో బాగా వస్తాది" అని నేర్పారు. నాకప్పుడే ఒళ్ళు మండింది.

హీరోగారు తెల్ల ప్యాంటుతో, బూట్లతో కోర్టులోకి దిగారు. కూత మొదలైంది. ఒక అమ్మాయిని తాకారు, పడింది. ఇంకో అమ్మాయిని తాకారు, ఆ పిల్ల నవ్వాపుకోలేక పడింది. అంతలో ఫోటోగ్రాఫర్లు "సార్, ఇటు, ఇటు" అని కేకేశారు. ఆయన అటు తిరిగి చెయ్యి ఊపారు. కూత ఆగింది. నేను గీత పక్కనే ఉన్నాను, స్పష్టంగా ఆగింది. రెఫరీ ఈల నోటిదాకా తీసుకెళ్ళి ఆపేశారు. హీరోగారు మళ్ళీ కబడ్డీ అని అందుకుని గీత వైపు అడుగేశారు. కుడి మూలన ఆడే అమ్మాయి ఒంగి ఆయన చీలమండ పట్టేసింది. తెరమీద నలభైమందిని మట్టికరిపించే మనిషి, నీళ్ళు చల్లిన మట్టిలో బోర్లా పడ్డారు. నేను చప్పట్లు కొట్టాను. నాతోపాటు ఎవరూ కొట్టలేదు.

హీరోగారు ప్యాంటు దులుపుకుని నవ్వుతూనే కారెక్కారు. సెమీఫైనల్ ఆడించారు, ఆ అమ్మాయి జట్టే గెలిచింది. గెలిచిన పిల్లలు కోర్టులో ఉండగానే ప్రెసిడెంటు గారు మైకందుకున్నారు. హీరోగారు కూతలో ఉండగా మర్యాద తప్పి పట్టుకున్న అమ్మాయి రేపు ఫైనల్‌కి ముందు ఇదే స్టేజి మీద క్షమాపణ చెప్పుకోవాలి, చెప్పకపోతే ఆడనివ్వం అన్నారు.

ఆ అమ్మాయి డిగ్రీ మొదటి ఏడు చదువుతోంది. ఫైనల్ చూడటానికి రాష్ట్ర జట్టుకి ఎంపిక చేసేవాళ్ళు వస్తున్నారు. ఆ జట్టులో చేరితే ఆటల కోటాలో ఉద్యోగానికి దారి. కబడ్డీ ఆడే ఆడపిల్లకి నగల దుకాణం తెరిచే యోగం ఎలాగూ ఉండదు, ఉన్నదల్లా ఆ ఒక్క దారి. కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే వెళ్ళి అడిగాను.

"ఏం చేస్తావమ్మా?"

"నేను చెప్పనండి. కూత ఆగిందండి."

"ఆడనివ్వరేమో."

"ఆడనివ్వకపోతే కూర్చుంటానండి. చెయ్యని తప్పుకి సారీ ఏంటండీ?" కళ్ళల్లో నీళ్ళున్నాయి, గొంతులో లేవు.

రెఫరీ దగ్గరికి వెళ్ళాను. ఆయనా డ్రిల్లు మాస్టారే, మా నాన్నని ఎరిగినవాడే. "ఆగిందా లేదా మాస్టారూ?" అన్నాను. ఆయన ఈలని జేబురుమాలుతో తుడుచుకుంటూ, "నన్నెందుకు ఇరికిస్తావమ్మా, పెద్దోళ్ళ వ్యవహారం" అన్నారు. దేశమంతా క్రికెటర్లని తిడుతోంది కదా, ఎవరో చెబితే ఓడిపోయారని. ఇక్కడ వరసలో నిలబెట్టి మరీ పడిపొమ్మంటున్నారు, పడకపోతే మైకులో శిక్ష వేస్తున్నారు. దాన్ని మాత్రం మర్యాద అంటున్నారు!

మర్నాడు ఉదయం రాజమండ్రి హోటల్లో హీరోగారితో నాకు ఇంటర్వ్యూ ఉంది. ముందే కుదుర్చుకున్నది. టేపు రికార్డరు బల్లమీద పెట్టి, ఆయన కళ్ళముందే బటన్ నొక్కాను. కొత్త సినిమా గురించి అడక్కుండా నేరుగా, "నిన్న మీ కూత ఆగిందాండీ?" అన్నాను.

ఆయన గట్టిగా నవ్వారు. "ఆగిందండి. ఫోటోల కోసం అటు తిరిగాను కదా, ఊపిరి వదిలేశాను. ఆ పిల్ల గట్టిదండి."

"అయితే ఆ మాట ప్రెసిడెంటు గారికి ఒక్క ఫోను చేసి చెప్పండి. మధ్యాహ్నం ఫైనల్. క్షమాపణ చెప్పకపోతే ఆ అమ్మాయిని ఆడనివ్వరట."

నవ్వు తగ్గింది. "అది కుదరదండి. ఆడపిల్ల పడగొట్టిందని నేనే చెప్పుకుంటే నా ఫ్యాన్స్ ఒప్పుకుంటారా? ఇది మనమధ్యే ఉంచండి."

ఆయన మేనేజరు టేపు ఇచ్చెయ్యమన్నాడు. ఇవ్వలేదు. "ఇక మీరు ఏ షూటింగుకీ రానక్కర్లేదు" అన్నాడు. అన్నంతపనీ చేశాడు, ఆ తర్వాత చాలాకాలం ఏ యూనిట్ వాళ్ళూ నన్ను రానివ్వలేదు. సంచి భుజాన వేసుకుని బస్టాండుకి నడిచాను.

మధ్యాహ్నానికి గ్రౌండు నిండిపోయింది. ప్రెసిడెంటు గారు స్టేజి మీద దండలు సర్దిస్తున్నారు. నేను వెళ్ళి టేపు ఆయనకి మాత్రమే వినిపించాను. హీరోగారి గొంతు గుర్తుపట్టగానే దండలు సర్దేవాళ్ళని కిందికి పంపేశారు.

"ఆ అమ్మాయిని ఆడనిస్తారా, దీన్ని మీ మైకులో వెయ్యమంటారా? హీరోగారి పరువు మీ టోర్నమెంటులోనే పోతుంది. ఫ్యాన్స్‌కి మీరే చెప్పుకోండి" అన్నాను.

"ఇది బెదిరింపమ్మా" అన్నారు.

"అవునండి. బెదిరింపే."

ఇప్పటికీ అందుకు నాకు సిగ్గు లేదు. ఆడవలసిన పిల్ల ఆడటానికి బెదిరించవలసి వచ్చిందే, సిగ్గుపడాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. ఆయన క్షమాపణ మాటెత్తకుండా మ్యాచ్ మొదలుపెట్టించారు.

ఆ అమ్మాయి ఆ రోజు ఆడిన ఆట గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆమె మూలకి కూతకొచ్చిన ప్రతి అమ్మాయీ జంకుతూ వచ్చింది. ఆట చివరికొచ్చేసరికి స్కోరు సమానం. ఆఖరి కూతకి ఆమే వెళ్ళింది. అవతలి జట్టు అమ్మాయి చేతిని తాకి, వెనక్కి తిరిగి, గీత మీద కాలు పెట్టింది. జనం లేచి అరుస్తున్నారు. జట్టు పిల్లలు ఎగురుతూ ఆమె మీదికి దూకబోతున్నారు. ఆమె చెయ్యి పైకెత్తింది. రెఫరీ వైపు తిరిగి తల అడ్డంగా ఊపింది. నోటికి ఎదురుగా వేలు ఆడిస్తూ, కూత తెగిందని సైగ చేసింది. ఆ గోలలో రెఫరీకి వినపడలేదు, అవతలి జట్టుకీ వినపడలేదు, నాకూ వినపడలేదు. రెఫరీ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసి, అప్పుడు ఈల వేశారు. ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

ప్రెసిడెంటు గారు నా వైపు వంగి, "చూశారా, మీరింత గొడవ చేసి ఆడించారు, ఆ పిల్లే ఓడగొట్టింది" అన్నారు.

"ఓడింది నిజమేనండి. నిన్న మీరు పడమంటే ఆ పిల్ల పడలేదు కదా. ఇవాళ ఎవరూ చెప్పకుండా ఓడింది. ఈ రెండూ ఒకటి కాదు" అన్నాను. ఆయనకి అర్థమైందో లేదో తెలియదు. నేను అర్థమయ్యేట్టు చెప్పడానికి వెళ్ళలేదు.

నా వార్తలో ఈ ముక్కలేవీ రాలేదు. హీరోగారు దండతో నవ్వుతున్న ఫోటో, దాని కింద నాలుగు లైన్లు వేశారు. ఇన్‌చార్జి గారితో పెద్ద గొడవే పడ్డాను, గెలవలేదు. తర్వాత కొన్నాళ్ళకి రాష్ట్ర జట్టు పేర్లు వచ్చాయి. ఆమె పేరు లేదు. ఓడిన జట్టులోంచి ఎవరినీ తీసుకోలేదని చెప్పారు.

నాకు కోపం ఆగక ఆమె కాలేజీ గ్రౌండుకి వెళ్ళాను. సాయంత్రం ప్రాక్టీసు నడుస్తోంది. పక్కకి పిలిచి, నోటికొచ్చినట్టు అనేశాను. "చెయ్యి ఎందుకెత్తావమ్మా? కాలు గీత మీద ఉంది. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. ఒక్కళ్ళకి కూడా వినపడలేదు."

ఆమె నా మీద కోప్పడలేదు. ఇంత చిన్న విషయం ఈవిడకి తెలియదేంటా అన్నట్టు చూసింది.

"నాకు వినపడింది కదండీ" అని, చున్నీ నడుముకి బిగించుకుని మళ్ళీ కోర్టులోకి వెళ్ళింది.