గరివిడి నుంచి రూతమ్మ గారి రష్యన్ వంటింటికి

మా ఆయన, అంటే మా బావ, వెల్డింగ్ పనికి రష్యా వెళ్లి ఏడు నెలలైంది. ఆయన తినే కేంటీన్‌లో వంటకు ఒక మనిషి కావాలి. అక్కడి పెద్ద వంటామె ఫోన్లో మాట్లాడి మా రష్యన్ క్లాసులో ఒక్కరిని ఎంచుకుంటుంది. ఆ ఒక్కరు నేనైతే బావ దగ్గరికి వెళ్లగలను. అందుకే ఆ ఫోన్ రావాల్సిన బుధవారం బయల్దేరాను. చదివింది ఏడో తరగతి. కొత్తవాళ్ల ముందు నోరు పెగలదు. నాలాగే ఈ క్లాసుకి వెళ్దామా వద్దా అనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను.

గరివిడిలో ఉదయం ఏడు దాటాక పాసింజర్ ఎక్కితే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌కి గంట పైనే పడుతుంది. టికెట్టు ఇరవై రూపాయలు. అక్కడి నుంచి శ్రీకాకుళం ఊళ్లోకి బస్సు, తర్వాత అరసవల్లికి షేర్ ఆటో. దారంతా మా టీచరు రూతమ్మ గారు ఫోన్లో రికార్డు చేసిచ్చిన మాటలు వింటూనే ఉన్నాను.

"ఏటమ్మా, గుడికేనా?" అన్నాడు ఆటో అన్న.

"కాదన్నా, రష్యన్ క్లాసుకి."

"రష్యనా? ఏదీ, ఒక ముక్క సెప్పు."

ఫోన్లో మాటల శబ్దం పెంచుకున్నాను.

"ఇక్కడే సెప్పలేకపోతే అక్కడేటి సెప్తావు?" అని నవ్వాడు. ఆ మాట దిగేదాకా గుచ్చుతూనే ఉంది.

రూతమ్మ గారు రష్యాలో అలాంటి కేంటీన్‌లోనే చాలా ఏళ్లు వండి వచ్చారు. క్లాసు అరసవల్లిలో ఆవిడ వంటింట్లోనే. తెలుగులో అర్థం చెప్పరు. కూర వండుతూ చేసే ప్రతి పనీ రష్యన్‌లో చెప్తారు. మధ్యలో ఆగి "పతోమ్?" అంటారు, తర్వాతేమిటని. మిగతా ఐదుగురూ ప్రతి మాటా తెలుగు అక్షరాల్లో రాసుకుంటారు. నా రాత నిదానం. అందుకోలేక మొదటి వారమే పుస్తకం మూసేసి, చూస్తూ వినడం మొదలుపెట్టాను. శ్రీముఖలింగం దగ్గర మా పుట్టింటి పొలంలో ఒడియా కూలీలతో నాట్లు వేస్తూ వాళ్ల భాష పట్టుకున్నదీ ఇలాగే.

పదకొండింటికి ఫోన్ మోగింది. మనిషి కనబడదు, గొంతే. రూతమ్మ గారు పుస్తకాలన్నీ తీసుకుని బియ్యం డబ్బా మీద పెట్టేశారు. ఫోన్లో వంటామె బీట్‌రూట్ సూప్ ఎలా చేస్తుందో గబగబా చెబుతూ, ఒక్కొక్కరి దగ్గర ఆగి "పతోమ్?" అంటోంది. నా ముందు ముగ్గురి కళ్లూ డబ్బా మీదికే పోయాయి. నా వంతులో ఆవిడ చెప్పినవి సగం తెలియని మాటలే. కానీ చివర్లో గొంతు నెమ్మదించి కాస్త సాగింది. రూతమ్మ గారు గరిటెతో రుచి చూసి ఉప్పు అందుకునేటప్పుడు ఆవిడ గొంతూ అచ్చం అలాగే సాగుతుంది.

"నాద సోలి," అన్నాను. ఉప్పు కావాలి.

ఫోన్లో ఆవిడ నవ్వి, ఎలా నేర్చుకున్నావని అడిగింది. "స్లూషల," అన్నాను. విన్నాను. ఆ మాట అంతకుముందు ఎన్నడూ పైకి అనలేదు. అదే సరైనదని ఎలా తెలిసిందంటే చెప్పలేను.

ఫోన్ పెట్టేశాక రూతమ్మ గారు నా భుజం మీద ఒక్కటి వేశారు. "నువ్వే కావాలంతంది. ఏటే, ఇన్నాళ్లూ ఇదంతా ఎక్కడ దాసుకున్నావు?"

తిరిగి వచ్చేటప్పుడు స్టాండులో పొద్దుటి ఆటో అన్నే ఉన్నాడు. ఎక్కి కూర్చుని "పయేఖలి," అన్నాను.

"అంటే ఏటమ్మా?"

"పద అన్నా, ట్రైన్ టైమవుతోంది."

మాట రానిదాన్నని ఇన్నాళ్లూ నన్ను నేనే తక్కువ చేసుకున్నాను. మాట్లాడకుండా ఉన్నంతసేపూ వింటూనే ఉన్నానని ఆ రోజే తెలిసింది. ఇక వెళ్లేవాళ్లకు ఒక్క మాట: మొదటి వారం పుస్తకం సంచిలోంచి తీయకండి.