తరగతిలో ఎక్కువగా కొట్టేదెవరు?

పంతొమ్మిది వందల ఎనభైల చివర్లో, ఒక జూలై నెల మొదటివారంలో, మనస్తత్వశాస్త్ర విభాగం ప్రాజెక్టు అసిస్టెంటుగా నన్ను కడప జిల్లాకు పంపారు. హైస్కూలు పిల్లల్లో దూకుడు ఎంత ఉంది, అది ఎక్కడినుంచి వస్తుంది అన్నది పరిశోధనాంశం. ప్రొఫెసరుగారు ఫ్యాను కింద కూర్చుని ఆలోచించేవారు. నేను ఎండలో తిరిగి లెక్కలు తెచ్చేవాణ్ణి. విభాగంలో నాకన్నా కింద ఉన్నది అటెండరు ఒక్కడే, అతనిదైనా పర్మనెంటు ఉద్యోగం.

ప్రొద్దుటూరులో లాడ్జి గది తీసుకుని, పొద్దున్నే బస్సెక్కి జమ్మలమడుగు వైపో పులివెందుల వైపో ఉన్న పల్లెలకు వెళ్ళేవాణ్ణి. అవి పార్టీల రోజులు. ఎన్నికలు ఎప్పుడో వచ్చిపోయేవి గానీ పార్టీ మాత్రం ఏడాది పొడుగునా ఉండేది. ఊరికి రెండు వర్గాలు, వర్గానికో నాయకుడు. టీ తాగే హోటలు కూడా పార్టీని బట్టే. కొత్తలో తెలియక ఒక ఊళ్ళో రెండు హోటళ్ళలోనూ టీ తాగితే, రెండుచోట్లా నన్ను అనుమానంగా చూశారు.

మా పద్ధతిని తోటివారి ఎంపిక అంటాం. తరగతిలో ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇస్తాం, పైన ఎవరి కాగితం మీద వాళ్ళ పేరు ఉంటుంది. అందులో మూడు ప్రశ్నలు. మీ తరగతిలో ఎక్కువగా కొట్టేదెవరు? గొడవ మొదలుపెట్టేదెవరు? కోపం వస్తే ఆపుకోలేనిదెవరు? ప్రతి ప్రశ్నకూ ఒక పేరు రాయాలి. ఎవరి పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే అదే స్కోరు. పంతుళ్ళ కంటపడనిది పిల్లల కంటపడుతుంది కాబట్టి ఈ లెక్క సాధారణంగా తప్పదు. ఒక నియమం ఉంది. జవాబుగా తన పేరు తనే రాసుకుంటే ఆ కాగితం చెల్లదు.

ఈ సంగతి జరిగిన ఊరి పేరు చెప్పను. అక్కడి పదో తరగతికి క్లాసు టీచరు రూతమ్మగారు, సోషల్ చెప్పేవారు. వాళ్ళ తాతగారు మిషను బడిలో పంతులు, నాన్నగారూ పంతులే. రెండు పార్టీల వాళ్ళకూ అక్షరాలు ఆ ఇంటినుంచే వచ్చాయి. ఆమె తరగతిలో ప్రతి బెంచీ మీదా రెండు పార్టీల పిల్లలూ పక్కపక్కన కూర్చోవలసిందే. చేతిలో సన్న బెత్తం ఉండేది. దెబ్బలు కూడా బెంచీకి సమంగా పడేవి. బెత్తం పట్టిన మనిషిని మెచ్చుకోవడం మా శాస్త్రానికి నప్పదని తెలుసు. అయినా ఆమెను చూస్తే నాకు మొదటిరోజే గౌరవం కలిగింది.

నేను పద్ధతంతా వివరించాక ఆమె ఒకటే అడిగారు. "ఈ కాయితాలు ఎవురి చేతికి పోతాయి సార్?"

మా చేతికే, విభాగంలో బీరువాలో తాళం వేసి ఉంచుతాం అని ధీమాగా చెప్పాను. రేపు పెట్టుకోండి అన్నారు.

ఆ సాయంత్రం బస్సుకోసం నిలబడి ఉంటే ఒక మనిషి వచ్చి, అన్న రమ్మంటున్నాడని పిలుచుకుపోయాడు. అన్న అంటే ఊళ్ళో ఒక వర్గం నాయకుడు. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. "పిల్లోల్లను పరీచ్చ చేస్తాండారంట. శానా మంచి పని సారూ," అన్నాడు. ఎవరికి భయం లేదో, ఎవరు ముందుకు దూకుతారో ఆ కాగితాల్లో తేలుతుందా అని ఆరా తీశాడు. మా సెమినార్లలో కూడా నన్ను ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరు. పొంగిపోయి, స్కోరు వేసే విధానంతో సహా చెప్పేశాను. రేపు సాయంత్రానికి తేలిపోతుందన్నాను.

"అట్లయితే ముందొచ్చే ముగ్గురి పేర్లు మాకూ చెప్పిపోండప్పా. వాళ్ళకు ఏందో ఒగ దావ సూపిస్తాం," అన్నాడాయన.

పేర్లు బయటపెట్టకూడదన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. కానీ చేతిలో ఆయన మజ్జిగ గ్లాసు ఉంది. చూద్దామండీ అనేసి బస్సెక్కాను.

మర్నాడు రూతమ్మగారితో ఈ మాట కాస్త గర్వంగానే చెప్పాను, ఊరి పెద్దలు కూడా పరిశోధన మీద ఆసక్తి చూపుతున్నారని. ఆమె హాజరుపట్టీ మూసేశారు. తర్వాత చెప్పిన విషయం ఇది. ఓబులేసు అని చివరి బెంచీ పిల్లవాడు, ఆ నాయకుడి వర్గంవాడే. రెండేళ్ళ కిందట ఎదుటి వర్గం వాళ్ళు వాడి నాన్నను బస్సులోంచి దించి చంపారు. ఇంట్లో అవ్వ దగ్గర నోట్లో నాలుక లేనట్టు ఉంటాడు. బడిలో మాత్రం చెయ్యి ఆగదు. జూన్‌లోనే ఒకడి పన్ను రాలగొట్టాడు.

"ఆయప్ప కన్ను ఇంకా వీని మీద పడలేదు సార్. పడిందంటే వీడు పదో తరగతి రాయడు, ఆయప్ప మనుషులతో జీపెక్కుతాడు. మీకది రోగుల జాబితా. ఆయప్పకది పాసైనోళ్ళ జాబితా," అన్నారామె.

పరీక్ష మానేసి ఇప్పుడే వెళ్ళిపోతానన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "మీరు బస్సెక్కి పోతారు. ఎందుకు పెట్టలేదని నన్నడుగుతాడు. పెట్టండి. సాయంత్రం సూపించేదానికి కాయితాలుండాల."

తరగతిలో నేను కాగితాలు పంచి, సూచనలు చదివాను. ఎవరూ పెన్ను తియ్యలేదు. ఆ పల్లెల్లో కాగితం మీద ఒకరి పేరు రాయడమంటే సాక్ష్యం చెప్పడమే. సాక్ష్యం చెప్పినవాళ్ళకు ఏమవుతుందో ఆ పిల్లలు మా ప్రొఫెసరుగారికన్నా బాగా ఎరుగుదురు.

రూతమ్మగారు బెత్తంతో బల్ల మీద తట్టారు. "సారు అడగతాండేది ఏం కష్టం? ఈ గదిలో అందరికన్నా ఎక్కువ కొట్టేదెవురు?"

ముందు బెంచీలోని ఒక అమ్మాయి, "మీరే టీచర్," అంది.

"గొడవ మొదులుపెట్టేది?"

ఈసారి నాలుగైదు గొంతులు కలిశాయి. మూడో ప్రశ్నకు తరగతంతా నవ్వింది. "నిజం తెల్సినప్పుడు రాసేదానికి ఏం బయం? రాయండి," అన్నారామె. టీచరు పేరు రాయకూడదని మా నియమాల్లో ఎక్కడా లేదు. అలా రాస్తారని ఎవరికీ తట్టలేదు.

మధ్యాహ్నం స్టాఫు రూములో ఇద్దరం లెక్కవేశాం. ముప్పై ఏడు కాగితాల్లో ముప్పై ఆరింటిలో మూడు గళ్ళలోనూ ఆమె పేరే. ఆ రెండు పార్టీల పిల్లలూ ఒక్కమాట మీద నిలబడడం అదే మొదలని నవ్వారామె. ముప్పై ఏడోది ఓబులేసుది. మూడు గళ్ళలోనూ తన పేరే రాసుకున్నాడు. పెన్ను ఎంత గట్టిగా నొక్కాడంటే కాగితం చిరిగింది.

ఆమె నవ్వు ఆగిపోయింది. ఆ కాగితాన్ని ఏం చేస్తారని అడిగారు. తన పేరు తాను రాసుకుంటే చెల్లదని, లెక్కలోకి తీసుకోమని చెప్పాను.

"నిజంగా ఉందా ఆ రూలు, ఇప్పుడు పెట్టినారా?"

ముందునుంచీ ఉందని సూచనల పుస్తకం తెరిచి చూపించాను. ఆ వాక్యం మీద వేలు పెట్టి రెండుసార్లు చదివారు. ఆ పేజీ కళ్ళకద్దుకుంటారేమో అనిపించింది. తర్వాత ఓబులేసును పిలిపించారు.

"నీ కాయితం చెల్లలేదురా."

"నిజమే రాస్తి గదా టీచర్," అన్నాడు వాడు.

"నువ్వు ఎట్లాంటోడివో నీ అంతట నువ్వే తేల్చుకుంటే లెక్కలేదంట. సారు పుస్తకంలో ఉంది. పో, సోషల్ పుస్తకం తెచ్చుకో."

వాడు నావైపు చూశాడు. ఉంది అన్నట్టు తలూపాను. నా ఉద్యోగంలో అంతకన్నా ఉపయోగపడే పని ఎప్పుడైనా చేశానా అంటే అనుమానమే.

సాయంత్రం నాయకుడికి స్కోరు పట్టిక చూపించాను. చెల్లని కాగితం నా సంచీలో ఉంది. మొదటి పేరు రూతమ్మ, రెండో పేరు లేదు. ఆయన పట్టికనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. చివరికి, "వాళ్ళ నాయన చేతిలో నేనూ తిన్యా దెబ్బలు," అన్నాడు. "ఈ మాత్రం తెల్సుకునేదానికి అంత సదువు సదవాల్నా సారూ?" మజ్జిగ ఇప్పించలేదు.

ప్రొఫెసరుగారు ఆ బడి లెక్క మీద ఎర్రసిరాతో పనికిరాదు అని రాశారు. మిగతా కథ విన్నాక పద్ధతి మార్చారు. ఆ తర్వాత మా కాగితాల మీద పేర్లు లేవు, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో తెలిపే పట్టీ టీచరు దగ్గరే ఉండేది, పని అయిపోగానే చించేసేవారు. మరుసటి జూన్‌లో రూతమ్మగారి కార్డు వచ్చింది. ఓబులేసు పాసయ్యాడని, ప్రొద్దుటూరులో ఐటీఐలో చేరాడని రెండు ముక్కలు. కింద, "మీ రూలు మంచిదే సార్."

తర్వాత చాలా ఏళ్ళు ఇదే శాస్త్రం చెప్పాను, చాలామందితో పరిశోధన చేయించాను. ప్రశ్నలు తయారుచేసుకుని వచ్చిన ప్రతి విద్యార్థినీ ముందుగా అడిగింది ఒకటే, ఈ కాగితాలు ఎవరి చేతికి పోతాయి అని. ధీమాగా జవాబు చెప్పినవాళ్ళను వెనక్కి పంపి, మళ్ళీ ఆలోచించుకుని రమ్మన్నాను.