మా ఇంటి నీటి చేప

యసుజికి నోరు పెద్దది. బివా సరస్సు పక్కన రెల్లు కమ్ముకున్న చిన్న మడుగు ఒడ్డున పుట్టి, అక్కడే వరి పండించుకుంటూ ముసలివాడయ్యాడు. ఊరి సమావేశంలో అందరికంటే గట్టిగా అరిచేది అప్పటికీ అతనే.

"మన చేపల్ని మింగేసింది ఆ పరదేశపు బాస్ చేపే! దాని నోరు చూశారా, బకెట్టంత!"

"నీ నోటికంటే పెద్దదా?" అనేది కినుయో బామ్మ. అందరూ గొల్లుమనేవారు.

అతని చిన్నతనంలో ఆ మడుగులో వల వేస్తే ఏం పడుతుందో ఎవరికీ తెలిసేది కాదు. కడుపు నిండా గుడ్లతో ఫునా చేపలు, మీసాల జెల్లలు, బతికున్న ఆలుచిప్పల్లో గుడ్లు దాచుకునే రంగురంగుల బుల్లి చేపలు. రానురాను బురద పేరుకుని ఆలుచిప్పలు ఊపిరాడక చచ్చాయి, వాటితోపాటు ఆ బుల్లి చేపలూ పోయాయి. బురదను ఓర్చుకునే ఒకటి రెండు రకాలే మిగిలాయి. ఆ బురద ఎక్కడిదని యసుజి ఏనాడూ అడగలేదు.

ఎలా అడుగుతాడు? మే నెలలో మడిని బురదగా దున్ని దమ్ము చేశాక నీళ్లు తేరుకునేదాకా, వాటిని కాలువలోకి పోకుండా ఆపే తూము పలక ఎత్తకూడదు. మరి యసుజికి ఊళ్లో అందరికంటే ముందు నాట్లు వేయడమే గొప్ప! పలక లాగేసేవాడు. ఎరువు కలిసిన బురదనీళ్లు భళ్లున కాలువలో పడి మడుగులోకి పోయేవి. పక్క మడి కినుయోది. ఆవిడ పలక దించి గట్టు మీద కూర్చుని టీ తాగేది.

"ఏం బామ్మా, నీళ్లకి కాపలానా? దొంగలెత్తుకుపోతారనా?"

"తేరుకోనీ నాయనా, నాకేం తొందర."

ఆ ఏడు గుడి నైవేద్యం వంతు యసుజి ఇంటికొచ్చింది. మనిషి బతుకులో ఒక్కసారి వచ్చే వంతు అది. గుడ్లున్న ఫునాని ఉప్పులో వేసి, వేసవిలో అన్నంలో ఊరబెట్టి, మరుసటి వసంతంలో దేవుడి ముందు పెట్టి ఇంటిపెద్ద "ఇది మా ఇంటి నీటి చేప" అనాలి. తన మడి నీళ్లు దిగేచోట పట్టిందైతేనే ఆ మాట అనాలి.

యసుజి దమ్ము చేసి పలక లాగేసిన మర్నాడే పెద్ద వాన పడింది. గుడ్లు పెట్టడానికి ఫునాలు ఎదురెక్కే వాన. తెల్లారగానే యసుజి బుట్ట పట్టుకుని కాలువకి వెళ్లాడు. కినుయో తూము పలక మీదుగా తేటనీళ్లు పొర్లుతున్నాయి. వాటి కింద ఫునాలు ఒకదాని మీదొకటి ఎగబడుతున్నాయి. తన తూము వైపు ఒకటి వచ్చింది. బురదనీళ్లలో మూతి పెట్టి, వెనక్కి తిరిగి, పక్క తూముకి పోయింది. ఇంకోటి వచ్చింది. అదీ అంతే. బాస్ చేప కనుచూపు మేరలో లేదు. ఇన్నేళ్లూ తాను అరిచిన అరుపులన్నీ గుర్తొచ్చి యసుజికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ఏరా యసూ, బుట్ట ఖాళీయేనా?" వెనకనుంచి కినుయో.

ఆవిడ రెండు తూములకేసీ చూసింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. వంగి, తన తూము కింది చేపలు తీసి అతని బుట్టలో వేసింది.

"పట్టుకుపో. కాలువ ఒకటేగా."

ఏడాదంతా ఆ చేపల్ని ఊరబెట్టిన తొట్టి ఇంటి వెనక ఉంది. "ఏమండీ, ఎలా ఊరాయో ఒక్కసారి చూడండి," అని భార్య మిచియే ఎన్నిసార్లు పిలిచినా అతను అటువైపు పోలేదు.

పండుగ రోజు ఊరంతా గుళ్లో మోకాళ్ల మీద కూర్చుంది. యసుజి పళ్లెం పట్టుకుని నోరు తెరిచాడు. మాట రాలేదు. అంత నోరూ ఏమైపోయిందో! మరిచిపోయాడనుకుంది కాబోలు, వెనకనుంచి కినుయో మెల్లగా అందించింది.

"మా ఇంటి..."

ఆ సాయమే అతనికి ఎక్కువైపోయింది. పళ్లెం కింద పెట్టి నుదురు చాపకి ఆనించాడు.

"మా ఇంటి నీటిది కాదండీ. కినుయో గారి నీటిది. మా నీళ్లలో మూతి పెట్టి వెనక్కి పోయింది చేప. బాసూ లేదు, గీసూ లేదు. నేనే."

ఎవరూ నవ్వలేదు. యసుజిలాగే తొందరపడి పలకలెత్తేసే మగవాళ్లంతా చాపకేసి చూస్తూ ఉండిపోయారు. కినుయో లేచి వచ్చి, పళ్లెం తీసుకుని దేవుడి ముందు పెట్టింది.

"ఇది మా ఇంటి నీటి చేప," అంది.

ఆవిడది చిన్న గొంతు. అయినా గుడంతా వినిపించింది. అందరూ వెళ్లిపోయేదాకా యసుజి నుదురు చాప మీంచి ఎత్తలేదు.