అన్నీ ఒకటే సారు

ఈ ద్రవం వేరు, ఆ ద్రవం వేరు అని ఎవరైనా అంటే చాలు, ఆ భౌతికశాస్త్రం ప్రొఫెసరుగారికి అరికాలి మంట నెత్తికెక్కేది. విద్యార్థులు ఆయనకి ‘అన్నీ ఒకటే సారు’ అని పేరు పెట్టుకున్నారు.

ఆయన దగ్గర పరిశోధనకి చేరిన మొదటిరోజే ఓ అమ్మాయి నోరు జారింది.

“కరిగిన సీసమూ, ద్రవంగా మార్చిన ఆర్గాన్ వాయువూ ఒకటెలా అవుతాయి సార్?”

“ఎందుకవ్వవూ? కిక్కిరిసిన బస్సు ఎప్పుడైనా ఎక్కావా? అక్కడ నువ్వు డాక్టరువా, దర్జీవా అని ఎవడైనా అడుగుతాడా? మీదికొచ్చినవాణ్ణి మోచేత్తో నెట్టడమే పని. పరమాణువులూ అంతే! ఒక్కో ద్రవానికి తగ్గట్టు కొలబద్ద మార్చి చూడు, అమరికా కదలికా అచ్చు ఒకేలా ఉంటాయి.”

“మరి నీళ్ళు సార్?”

“ఆ మాయదారి నీళ్ళ ఊసెత్తకు! వాటి అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వేలాడే జాతి!” అంటూనే గ్లాసెడు గటగటా తాగి, ఖాళీ గ్లాసుని కూడా కోపంగానే చూశారు.

సిద్ధాంతవ్యాసం సగంలో ఉండగా ఆమెకి ఏడో నెల. మంచం దిగొద్దన్నారు డాక్టర్లు. చెయ్యాల్సిన ఐదు ద్రవాల లెక్కల్లో రెండే పూర్తయ్యాయి. ఇక డిగ్రీ రాదని ఏడుస్తూ ఫోన్ చేస్తే ఆయన విరుచుకుపడ్డారు.

“ఐదెందుకు? ఒకటే అయినదాన్ని ఐదుసార్లు చెయ్యడానికి బుద్ధుండక్కర్లేదూ? రెండు చాలు. నోర్మూసుకుని పడుకో!”

పాప పుట్టాక వైవా జరిగింది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు కళ్ళజోడు పైకి నెట్టుకుని, “మిగతా మూడూ వేరేగా ఉండొచ్చు కదా? అవీ చేసుకురండి, వచ్చే ఏడాది చూద్దాం,” అన్నాడు. వచ్చే ఏడాదట! పక్కగదిలో చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే, ఇక్కడ తల్లి తన కాగితాలు సర్దుకోసాగింది. ఒళ్ళు మండదూ మరి!

సారు లేచారు.

“వేరేగానా?” అని గర్జించి, తన కంప్యూటర్ తెరిచి తెర మీద ఓ బొమ్మ వేశారు. “ఈ గీత అమ్మాయిది. తన రెండు ద్రవాలతోనే గీసింది. ఈ చుక్కలు మిగతా మూడింటివి, నేను చేశాను. ఏదీ, ఒక్క చుక్క గీత దాటిందేమో చూపించండి!”

పరీక్షకుడు కూర్చునే వంగి చూశాడు. లేచి తెర దగ్గరికెళ్ళి చూశాడు. చివరికి సంతకం పెట్టాడు.

వరండాలో ఆమె సారుని ఆపింది. “అన్నీ ఒకటేనన్నారుగా సార్! మరి ఆ మూడూ ఎందుకు చేశారు?”

“ద్రవాల మీద నాకెప్పుడూ అనుమానం లేదమ్మా,” ఆయన ఇంకా బుసలు కొడుతూనే ఉన్నారు. “నా అనుమానమల్లా పరీక్షకుల మీదే!”