మారియమ్మ చేతి నారు

గుడియాత్తం ఊరి చివర రేకుల ఇళ్ళ వరసలో ఎవరికైనా కూరగాయల నారు కావాలంటే సంతకు పోరు, మారియమ్మ పెరట్లోకి పోతారు. ఆ పెరడు రెండు మంచాలు వేస్తే నిండిపోయేంత ఉంటుంది. వంగ, మిరప, టమాట, ఆకుకూరలు అన్నీ అందులోనే మొలుస్తాయి. ఆమె చేత్తో పీకి ఇచ్చిన మొక్క చావదని పేరు. దాన్ని అక్కడివాళ్ళు కైరాశి అంటారు. చేతిలో ఉండే మంచి అన్నమాట.

ఆ కైరాశికి ఒక కట్టుబాటు ఉంది. మొక్కల్ని ఏరి ఇవ్వకూడదు. మడి ముందు గొంతుక్కూర్చుని, కళ్ళు మూసుకుని, పిడికిట్లోకి వచ్చినన్ని పీకి అడిగినవాళ్ళ కొంగులో వెయ్యాలి. ఇది లావుగా ఉంది, అది సన్నంగా ఉంది అని చూసుకుంటూ ఏరితే చేతిలోని మంచి పోతుందని నెమిలి అనే ఊరి పొలాల్లో నాట్లు వేసిన వాళ్ళమ్మ చెప్పింది. మారియమ్మ ఆ మాట ఎన్నడూ దాటలేదు.

ఇంకే విషయంలోనూ ఆమెకు ధైర్యం లేదు. వేలూరులో ఒక ఆసుపత్రిలో వార్డులు తుడిచే పని ఆమెది. పెద్ద డాక్టరు ఎదురొస్తే బకెట్టుతో సహా గోడకు అతుక్కుపోతుంది. ఎవరైనా గట్టిగా పేరు పెట్టి పిలిస్తే తప్పేదో జరిగిందనే అనుకుంటుంది. మొగుడు ఏలుమలై, "నీ నీడ ఎదురొచ్చినా పక్కకు జరిగి దారి ఇస్తావు నువ్వు" అని ఎగతాళి చేస్తాడు. మడి దగ్గర కూర్చున్నప్పుడు మాత్రం ఆ భయం ఆమెను వదిలి ఎక్కడికో పోయేది.

పక్కింటి జెబరాజ్ తోలు ఫ్యాక్టరీలో పని చేసేవాడు. గొంతులో గడ్డ వచ్చి మానుకున్నాడు. వేలూరులో మందు ఎక్కిస్తున్నారు. మందు గడ్డను కరిగిస్తోందో లేదో గాని నోటినిండా పుండ్లు లేపింది. నోటిపూతకు ఆ పక్క ఎవరిని అడిగినా చెప్పేది మణత్తక్కాళి ఆకే. మనవాళ్ళు కామంచి అంటారు. కొబ్బరిపాలు పోసి పల్చగా వండి పెడితే పుండ్లు చల్లబడతాయి. జెబరాజ్ భార్య సుగంతి వచ్చి కొంగు పట్టింది. మారియమ్మ కళ్ళు మూసుకుని పిడికెడు నారు పీకి వేసింది. అప్పటికి అవి రెండేసి ఆకుల పిల్లమొక్కలు. సుగంతి వాటిని పాత పెయింటు బకెట్లలో నాటి, బియ్యం కడిగిన నీళ్ళు పోసి పెంచింది.

అవి జానెడు ఎదిగాక ఒకరోజు పొద్దున్నే గోడ మీదుగా పిలిచింది.

"ఈ పొద్దు కోస్తానక్కా. రాత్రంతా ఎంగిలి గూడా మింగలేక ఏడ్చినాడు."

మారియమ్మకు సంతోషమైంది. మడిలో మిగిలిన మొక్కల్లోంచి ఇంకో పిడికెడు పీకి, తడి కాగితంలో చుట్టి, వేలూరు బస్సెక్కింది. అవి తనతో పనిచేసే సురేఖకు.

మధ్యాహ్నం కావస్తుండగా, బట్టలు మార్చుకునే గదిలో సురేఖ ఆ చుట్టను విప్పింది. ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్ల, నోరు ఊరుకోదు. తన మిద్దె మీద ఉండేవి రెండే తొట్లనీ, ఇన్ని మొక్కలు పెట్టుకోవాలంటే నెత్తి మీద నాటుకోవాలనీ నవ్వింది.

"కైరాశి గియిరాశి నాకొద్దుగాని, మంచివి చూసి రెండు ఏరి ఇయ్యక్కా."

కాదనడం మారియమ్మకు చేతకాదు. తడబడుతూనే మొక్కల్ని బల్ల మీద పరిచి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కళ్ళు తెరిచి నారు ఏరడం మొదలుపెట్టింది.

ఒకటి, రెండు బాగానే ఉన్నాయి. మూడోదాని కాడ లావుగా ఉంది. ఆకు వెడల్పు. అంచులు అక్కడక్కడ మొనదేలి ఉన్నాయి. ఆకు కొస తుంచి నలిపింది. కామంచి ఆకు నలిపితే పచ్చి టమాట వాసన వస్తుంది. ఇది మక్కిపోయిన వేరుశనగ గింజల కంపు కొట్టింది. ఇంకోసారి చూసుకుంది. అనుమానం లేదు. ఉమ్మెత్త.

ఎక్కడిదో వెంటనే తట్టింది. వానలకు ముందు ఏలుమలై కే.వి.కుప్పం సంతలో మేకల ఎరువు మూట కొనుక్కొచ్చాడు. దొడ్డి పక్క కంపలన్నీ కలిపి ఊడ్చిన ఎరువు. గింజలు అందులో వచ్చుంటాయి. పిల్లమొక్కలప్పుడు రెండూ ఒక్కలాగే ఉంటాయి. కళ్ళు మూసుకుని పీకిన చేతికి ఏం తెలుస్తుంది? సుగంతి కొంగులో వేసిన పిడికెడూ ఆ మడిలోదే.

మారియమ్మ ఫోను తీసి సుగంతికి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఏలుమలై కాపలా డ్యూటీలో ఫోను దగ్గర పెట్టుకోడు. ఎవరికి చెప్పాలో, చెప్పి పోవాలో చెప్పకుండా పోవాలో తోచక, పనిబట్టలతోనే, ఆ మొక్క పిడికిట్లో పట్టుకుని గేటు దాటేసింది. వెనక నుంచి సురేఖ ఏమైందని అడుగుతూనే ఉంది.

బస్సు కాట్పాడి వంతెన మీద ఆగిపోయింది. ముందు లారీ, దాని ముందు ఇంకో లారీ. మారియమ్మ ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చుంది. కళ్ళు మూస్తే సుగంతి వంటిల్లు కనిపిస్తోంది. ఆకు కడుగుతోంది. చిన్నుల్లి తరుగుతోంది. కొబ్బరి కోరుతోంది. కళ్ళు తెరిస్తే తన చెయ్యి కనిపిస్తోంది. చేతికి ఆ మక్కిన వాసన అంటుకుని ఉంది. చీరకు తుడుచుకుంటే చీరకు అంటింది.

దేవుడా, కూర మాడిపోనీ అని మొక్కుకుంది. గ్యాసు అయిపోనీ. కొబ్బరిపాలు విరిగిపోనీ. పిల్లి వచ్చి గిన్నె తన్నిపోనీ. ఒక మనిషి అన్నం చెడిపోవాలని ఇంతగా కోరుకోవడం ఆమె ఎరగదు. పక్క సీటు ముసలామె ఆమె వణుకు చూసి, జ్వరమా అమ్మా అని తమిళంలో అడిగింది. అవునని తలూపింది. కే.వి.కుప్పంలో బస్సు ఆపి జనాన్ని ఎక్కించుకుంటుంటే దిగి పరుగెత్తిపోదామా అనిపించింది. ఫోను ఇంకా ఎవరూ తియ్యడం లేదు.

వీధి మొదట్లో దిగి పరుగెత్తింది. సుగంతి వాకిట్లోకి పోయేసరికి ముందుగా కనబడ్డవి పెయింటు బకెట్లు. అన్ని మొక్కలకూ పైపై ఆకులే కోసి ఉన్నాయి. ఒక్కదానికి మాత్రం ఆకన్నది లేదు. అన్నిటికన్నా లావుగా ఎదిగిన ఆ కాడ బోడిగా నిలబడి ఉంది. పెద్ద ఆకులు కదా, సుగంతి మొదట దాన్నే కోసుకుంది.

సుగంతి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"ఫోను చార్జింగులో ఉండాదక్కా, చూడలా. ఈ పొద్దు కడుపునిండా తిన్న్యాడు. మళ్ళీ అడిగి పోయించుకున్న్యాడు. నేను ఇంకా తినలేదు, నీక్కూడా ఎత్తిపెట్టినా."

మారియమ్మ ఆమెను తోసుకుని లోపలికి పోయింది. జెబరాజ్ మంచం మీద ఉన్నాడు. ఎండిపోయిన మొహం ఎర్రగా కాలిపోతోంది. రెండు వేళ్ళతో గాలిలోంచి ఏదో ఏరుతున్నాడు. ఏరి ఏరి పక్కన పెడుతున్నాడు. చీమలు, చీమలు అని గొణుగుతున్నాడు. జ్వరం కలలేమో అనుకున్నాననీ, ఇప్పుడే మొదలైందనీ సుగంతి వెనక నుంచి చెబుతోంది. మారియమ్మ అతని రెప్ప పైకెత్తింది. నల్లగుడ్డు కన్నంతా కమ్ముకుని ఉంది.

"ఆటో పిలువు సుగంతీ. నేనిచ్చిన నారులో ఉమ్మెత్త ఉండాది. అది తిన్న్యాడు."

సుగంతి కదల్లేదు. అర్థం కానట్టు ఆమె చేతివంక చూసింది.

"నీ చెయ్యి కదక్కా ఇచ్చింది."

మారియమ్మ తానే వీధిలోకి పరుగెత్తి ఆటోను ఆపింది.

గుడియాత్తం ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు, వయసులో చిన్నామె, ఏం తిన్నాడని అడిగింది.  మారియమ్మ పిడికిలి విప్పి, నలిగిపోయిన మొక్కను బల్ల మీద పెట్టింది. ఇదేననీ, తానే ఇచ్చాననీ చెప్పింది. డాక్టరు ఆమెను ఒక్క మాటా అనలేదు. అతన్ని లోపలికి తీసుకుపోయారు. పుండ్లు పడిన ఆ గొంతులోంచే గొట్టం దించారు. తలుపు మూసినా అతని మూలుగు బయటికి వినబడింది. సుగంతి ఆ చివరి బెంచీ మీద, మారియమ్మ ఈ చివరి బెంచీ మీద కూర్చున్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మారియమ్మ లేచి నిలబడేది. ఎవరూ ఆమెను పిలవడం లేదని తెలిసి మళ్ళీ కూర్చునేది.

మర్నాడు అతను పెళ్ళాన్ని పేరుపెట్టి పిలిచి నీళ్ళడిగాడు. గండం గడిచిందన్నారు. మారియమ్మ అక్కడ నిలబడకుండా ఇంటికొచ్చి, మడి మొత్తం పీకి తగలబెట్టింది. నారు కోసం వచ్చినవాళ్ళకు లేదని చెప్పి పంపింది. కొందరు తలుపు దగ్గరి నుంచే వెనక్కి పోయారు, వాళ్ళకు అప్పటికే విషయం తెలుసు.

జెబరాజ్‌కు మళ్ళీ మందు ఎక్కించారు. మళ్ళీ నోరు పూసింది. ఒక సెలవురోజు పొద్దున సుగంతి పెయింటు బకెట్టును చంకన పెట్టుకుని వచ్చి మారియమ్మ ముందు దించింది. ఆ బోడి కాడను ఎప్పుడో పీకి పారేసింది. మిగిలినవి పూత మీదున్నాయి. కొన్నింటికి పచ్చి కాయల గుత్తులు.

"ఆయనే అడగతాండాడక్కా. నువ్వే చూసి ఏరి ఇయ్యి."

మారియమ్మ వద్దంది. చేతులు వెనక్కి పెట్టుకుంది. సుగంతి లేవలేదు. చివరికి మారియమ్మ బకెట్టు దగ్గరికి జరిగింది. ఒక్కో ఆకూ తుంచి, నలిపి, వాసన చూసింది. టమాట వాసనే వచ్చింది. నమ్మలేక మళ్ళీ చూసింది. తెల్లటి చిన్న కామంచి పువ్వు ఉన్న మొక్కల ఆకే కోసింది. పువ్వు లేనివన్నీ పీకి పక్కన పడేసింది. అవి మంచివేనని తెలిసినా పడేసింది. తన పొయ్యి మీదే వండి, ఒక గిన్నెడు అన్నంలో కలుపుకుని, సుగంతి చూస్తుండగా మొత్తం తినేసింది. మిగిలినదాని మీద మూత పెట్టింది.

ఇద్దరూ గడప దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. మారియమ్మకు నోరు ఎండుతున్నట్టే ఉంది. గుండె గబగబా కొట్టుకుంటూనే ఉంది. అది ఆకువల్లనో భయంవల్లనో ఆమెకు తెలియడం లేదు.

గోడ అవతల నుంచి జెబరాజ్ బొంగురు గొంతు వినిపించింది.

"ఆమె బతికుండాదా లేదా చూసి చెప్పు సుగంతీ. నాకు ఆకలేస్తాండాది."

సుగంతి నవ్వలేదు. మారియమ్మ గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పింది. రెండు కళ్ళలోకీ వంగి చూసింది.

"ఇంకా కొంచేపు కూర్చోక్కా" అంది.