ఆమ్‌స్టర్‌డామ్ విమానం, హౌన్స్‌లో రాహుకాలం

పెళ్ళికాని రోజుల్లో నాకు దయ్యాలంటే భయం ఉండేది కాదు. అమ్మ ఫోనంటే ఉండేది. అప్పట్లో ఇంగ్లండ్‌లో, బేసింగ్‌స్టోక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కంపెనీ కొన్నాళ్ళు ఆమ్‌స్టర్‌డామ్ పంపింది. అక్కణ్ణుంచి లండన్‌కి విజయవాడ నుంచి విశాఖ అంత దూరం, విమానంలో గంటంబావు. సరిగ్గా అప్పుడే అమ్మ లండన్ శివారు హౌన్స్‌లోలో ఒక సంబంధం చూసింది. అమ్మాయి బాబాయిగారింట్లో ఉండి చదువుకుంటోంది. "ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలంరా. ముందే బయల్దేరు, తర్వాతే వాళ్ళ గడప తొక్కు. ఇదీ తప్పిపోతే ఇక నేను చూడను," అంది. (అంతకుముందు సంబంధం తప్పింది నా జుట్టు పల్చబడటం వల్ల. అమ్మ లెక్కలో అదీ రాహువు పనే.) నాలుగుంబావుకి విమానం. దిగి, వాళ్ళింటికి చేరేసరికి ఆరు దాటుతుంది. లెక్క కుదిరిందనుకున్నాను.

విమానం పొగమంచులోకి లేచింది. కిటికీ అవతల తెలుపు తప్ప ఏమీ లేదు. కదులుతున్నామో, ఆగిపోయామో తెలియదు. పక్కన పెద్దాయన కళ్ళు తెరిచే నిద్రపోతున్నాడు (నిద్రే అని నమ్మాను). దిగి గోడ గడియారం చూస్తే నాలుగున్నర. గంటకు పైగా గాల్లో ఉన్నాను, గడిచింది మాత్రం పావుగంట. రెండు దేశాలకూ గంట తేడా అని తెలియక కాదు, రోజూ ఆ తేడాతోనే మీటింగులు పెట్టేవాణ్ణి. రాహువుకి మాత్రం వర్తింపజేయలేదు. ఇక్కడ రాహుకాలం ఇప్పుడే మొదలు.

అమ్మకి ఫోన్ చేశాను. "రాహువుది ఏ ఊరి టైమమ్మా?"

"నువ్వెక్కడుంటే అక్కడిదేరా. నీ వెంటే ఉంటాడు."

ఆ మాటతో ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది.

వాళ్ళ వీధికి చేరేసరికి చీకటి పడింది. మంచులో ఇళ్ళన్నీ సగం సగమే ఉన్నాయి. వాళ్ళింటికి ఎదురుగా దీపస్తంభం కింద నిలబడ్డాను, నల్ల కోటు, మెడచుట్టూ మఫ్లర్, చేతిలో తెల్ల ట్యూలిప్పులతో. వీధిలో నరపురుగు లేదు. వెనక ఎవరో ఊపిరి పీల్చినట్టయింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఎదురింట్లో కర్టెన్ కదిలింది. తర్వాత మేడమీద దీపం ఆరింది. ఆపైన కిందది. ఆ చీకటింట్లోంచి ఒక పిల్లాడి గొంతు మాత్రం వినిపించింది: "హీ ఈజ్ స్టిల్ దేర్, డాడ్. హీ డజంట్ మూవ్."

నా వెనక ఎవరున్నారా అని మళ్ళీ చూశాను. వాడు చెబుతున్నది నా గురించేనని తట్టేసరికి తలుపు కొద్దిగా తెరుచుకుంది. ఒకమ్మాయి అప్పడాల కర్రతో బయటికొచ్చింది, వెనక బాబాయిగారు.

"లోపలికి రామ్మా, పోలీసులకి ఫోన్ చేద్దాం."

"పువ్వులున్నాయి బాబాయ్. దొంగలు పువ్వులు తెస్తారా?" నా వైపు తిరిగింది. "ఎవరండీ మీరు? ఇందాకట్నుంచీ ఏం చేస్తున్నారక్కడ?"

"పెళ్ళిచూపులకొచ్చానండి. ఆరు కావాలి."

ఆమె కర్ర దించి చేతి గడియారం చూసుకుంది. "ఇంకా పది నిమిషాలుంది," అంది. లోపలికి వెళ్ళి కప్పుతో టీ తెచ్చి, గడప బయటే, నా పక్కనే నిలబడింది. సంబంధం అక్కడే ఖాయమైంది. లోపల జరిగింది లాంఛనం.

ఆ ఇల్లు ఇప్పుడు మాదే. చలికాలం మంచు దిగిన సాయంత్రాల్లో కర్టెన్ తీస్తే, ఆ దీపం కింద ఒక్కోసారి ఎవరో పువ్వులు పట్టుకుని నిలబడినట్టే ఉంటుంది. జుట్టు ఇంకా కాస్త ఉన్న కుర్రాడు. లోపలికి రమ్మని పిలుద్దామనుకుంటాను. పిలవను. వాడికింకా ఆరు కాలేదు, పాపం.